ఉద్యోగం పోయిన ఇల్లు – తోబీతు గ్రంథం నేర్పే పాఠం



ఉద్యోగం పురుషలక్షణం అని మనకొక సామెత ఉంది. చిన్ననాటినుండి వింటూ వస్తున్నాం గనుక దాని అర్థాన్ని గూర్చి ఎవరమూ అంతగా ఆలోచించం. కాని నలభై ఐదో ఏటనో యాభయ్యో ఏటనో ఉద్యోగం పోయినవాడికి ఈ మాట ములుకులా గుచ్చుకుంటుంది. పని లేనివాడు మగవాడే కాదన్నట్లు బంధువులు చూస్తారు. ఇంకా విచారకరమైన సంగతి ఏమిటంటే, కొన్నాళ్లకు అతడు తన్ను తాను కూడ అలాగే చూచుకుంటాడు.

ఇది ఏ ఒక్కరి బాధో కాదు. వరంగల్లులో 1934లో వెలసిన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. తాతతండ్రుల నాటినుండి ఆ మిల్లునే నమ్ముకున్న కుటుంబాలు వేరే దారి వెదకుకోవలసి వచ్చింది. 2020 జనవరి 31న దేశమంతటా 78 వేల మందికి పైగా బి.ఎస్.ఎన్.ఎల్. ఉద్యోగులు స్వచ్ఛంద పదవీ విరమణ పథకం క్రింద ఇంటికి వచ్చారు. వారందరూ 50 ఏళ్లు నిండినవారే. ఆ యేడు కరోనా వలన బడులు మూతపడగా ప్రైవేటు పాఠశాలల టీచర్లు జీతాలు లేక కూరగాయలు అమ్ముకున్నారు, కూలికి పోయారు. 2021 ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం అట్టివారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వవలసి వచ్చింది. ఈనాడు హైదరాబాదులో కంప్యూటరు కంపెనీల ఉద్యోగులు కూడ ఒక్క ఈమెయిలుతో ఇంటికి వస్తున్నారు.

పాతికేళ్లవాడికి పని పోతే మరోచోట చేరతాడు. యాభై ఏళ్లవాడి సంగతి వేరు. కొడుకు ఇంజనీరింగు ఫీజు, కూతురి పెళ్లి, ఇంటి అప్పు వాయిదా, ముసలి తల్లిదండ్రుల మందులు – ఇవన్నీ ఆ వయసులోనే కూడి వస్తాయి. ఈ కష్టాన్ని గూర్చి దైవవాక్యం ఏమి చెబుతుంది? దీనికి జవాబు పూర్వవేదంలోని తోబీతు గ్రంథంలో కలదు. ప్రొటెస్టంటు సోదరుల బైబులులో ఈ గ్రంథం ఉండదు. మన బైబులులో ఉంది. ఐనా మనలో చాలామంది దీనిని వివాహపూజలో తప్ప వినరు. ఈ వారం దీని మొదటి ఐదు అధ్యాయాలను ధ్యానించుకుందాం.

1. కొలువు పోయిన తోబీతు

తోబీతు భక్తిగల యూదుడు. శత్రువులు అతనిని చెరపట్టి నీనెవె నగరానికి తీసుకుపోయారు. అక్కడ షల్మనేసెరు రాజు అతనిని తన కొలువులో పెట్టుకున్నాడు. రాజుకు కావలసిన సరకులు కొనిపెట్టడం అతని పని. ఆ పనిమీద మాదియా దేశానికి పోయి వస్తుండేవాడు. అక్కడ గబాయేలు అనే బంధువు దగ్గర పది తలాంతుల వెండి దాచిపెట్టాడు. చేతిలో ఉన్నన్నాళ్లు ఆకలిగొన్నవారికి అన్నం పెట్టాడు, బట్టలు లేనివారికి బట్టలిచ్చాడు, దిక్కులేని శవాలను పాతిపెట్టాడు.

రాజు చనిపోయాడు. కొత్త రాజు కాలంలో దారులు ప్రమాదకరమై మాదియా ప్రయాణాలు ఆగిపోయాయి. రాజు చంపించిన యూదుల శవాలను తోబీతు పాతిపెడుతున్నాడని ఒకడు కొండెం చెప్పాడు. ప్రాణభయంతో అతడు పారిపోవలసి వచ్చింది. ఆస్తి అంతా రాజు లాగేసుకున్నాడు. భార్య అన్నా, కుమారుడు తోబియా తప్ప అతనికి ఏమీ మిగల్లేదు. కొంతకాలానికి అన్నకొడుకు అహీకారు పలుకుబడివలన నీనెవెకు తిరిగి వచ్చాడు. ఆ మీదట కంటిచూపు కూడ పోయింది. వైద్యుల దగ్గరికి వెళ్లేకొద్దీ చూపు మందగించిందే గాని బాగుపడలేదు. అహీకారు రెండేళ్లు పోషించి, తరువాత వేరే దేశం వెళ్లిపోయాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. తోబీతు సోమరి కాడు, తాగుబోతు కాడు. అతనికి కష్టం వచ్చింది అతడు చేసిన మంచిపని వలన, రాజ్యంలో వచ్చిన మార్పుల వలన. ఉద్యోగం పోయినవాడిని చూచి ఏ పాపం చేశాడో అని గొణుగుకునేవారు ఈ గ్రంథాన్ని ఒకసారి చదవాలి.

2. మేకపిల్ల తగవు

అహీకారు వెళ్లిపోయాక ఇల్లు గడిచేదెలా? భార్య అన్నా పనికి పూనుకుంది. కూలికి బట్ట నేసి యజమానులకు అప్పగించేది. ఒకరోజు బట్ట తీసుకుపోయి ఇవ్వగా వారు సంతోషించి, కూలితోపాటు ఒక మేకపిల్లను కూడ ఇచ్చి పంపారు. ఇంటికి వచ్చిన మేకపిల్ల అరిచింది. చూపులేని తోబీతు ఆ అరుపు విన్నాడు. ఇది ఎక్కడిది, దొంగిలించి తెచ్చావా, వెంటనే తిరిగి ఇచ్చిరమ్మని భార్యను గద్దించాడు. కూలి మీద అదనంగా ఇచ్చారని ఆమె ఎంత చెప్పినా నమ్మలేదు. ఆమె కూడ ఊరుకోలేదు. నీ దానధర్మాలు ఏమయ్యాయి, నీ మంచితనం నిన్ను ఎక్కడికి తెచ్చిందో అందరికీ తెలిసిపోయిందిలే అని ఎత్తిపొడిచింది.

ఇద్దరూ మంచివాళ్లే. ఐనా ఒకరినొకరు ఎంత లోతుగా గాయపరచుకున్నారో చూడండి. ఇన్నేళ్లు తాను పోషించిన భార్య ఇప్పుడు తనను పోషిస్తుంది. ఆ చిన్నతనం తోబీతు పైకి చెప్పుకోలేకపోయాడు. చెప్పుకోలేని చిన్నతనం అనుమానంగా మారింది. ఆమెకు కూడ ఒంటి అలసట, మనసు అలసట ఉన్నాయి. మెచ్చుకోలు మాట వస్తుందనుకున్న చోట దొంగతనం నింద వచ్చింది. అందుకే భర్త దేన్ని ప్రాణంగా ఎంచుకున్నాడో దానిమీదనే దెబ్బ కొట్టింది.

సహోదరులారా, పని పోయిన ఇంట్లో తగవు డబ్బుతో మొదలౌతుంది గాని డబ్బు దగ్గర ఆగదు. భార్య కుట్టుపని చేసి నాలుగు రూపాయలు తెస్తే భర్త ముఖం మాడ్చుకుంటాడు. కూర బాగుందా అని అడిగినా ఎత్తిపొడుపుగానే తోస్తుంది. కొందరు ఉద్యోగం పోయిన సంగతే ఇంట్లో చెప్పరు. రోజూ క్యారేజి కట్టించుకొని బయలుదేరి, బస్టాండులోనో పార్కులోనో పొద్దుపుచ్చి సాయంకాలం ఇంటికి వస్తారు. ఇంట్లోవాళ్లు బాధపడతారని దాచామంటారు. కాని ఆ మౌనం వెనుక బయట వడ్డీలు పెరుగుతుంటాయి, లోపల మనిషి కుంగిపోతుంటాడు. చివరికి భార్యకు సంగతి అప్పులవాడి నోట తెలుస్తుంది. ఉద్యోగం పోయినందుకంటె తనకు చెప్పనందుకు ఆమె ఎక్కువగా ఏడుస్తుంది.

3. చావు కోరిన రోజునే

ఆ తగవు తరువాత తోబీతు ఏడ్చి, తన ప్రాణం తీసుకొమ్మని దేవునికి మొరపెట్టుకున్నాడు. బైబులు ఈ మాటను దాచలేదు. భక్తిపరునికి కూడ ఇట్టి చీకటి వస్తుందని మనం తెలుసుకోవాలనే దాచలేదు. కాని అతడు తన ప్రాణం మీదికి తాను చేయి ఎత్తలేదు. తన నిరాశను దేవుని ముందు కుమ్మరించాడు. అదే సమయంలో దూరాన మాదియా దేశంలో సారా అనే యువతి కూడ అవమానం భరించలేక ప్రార్థన చేసింది. రెండు మొరలూ ఒకేసారి దేవుని సన్నిధిని చేరాయి. దేవుడు రఫాయేలు దూతను పంపాడు. తోబీతుకు ఈ సంగతి తెలియదు. మన మొర వినబడిందని మనకు తెలియకముందే దేవుడు సహాయాన్ని దారిలో పెడతాడు.

ఇక మన పాఠంలో ముఖ్యభాగం ఇది. ఆ రోజే తోబీతుకు గబాయేలు దగ్గర దాచిన వెండి జ్ఞప్తికి వచ్చింది. నేను చావు కోరుకున్నాను, ఐతే ఈ సొమ్ము సంగతి కొడుకుకు చెప్పవద్దా అనుకొని తోబియాను పిలిచాడు. కొడుకుకు అప్పటిదాకా ఆ వివరాలు తెలిసినట్లు కన్పించదు. తండ్రి ముందుగా తల్లిని గౌరవించుమని ఆజ్ఞాపించాడు. ఆమెతో తగవు పడిన రోజునే ఈ మాట చెప్పడం గమనించదగినది. కొంచెమే ఉన్నా దానిలోనే దానం చేయమన్నాడు. పనివాడి కూలి రాత్రంతా దగ్గర పెట్టుకోవద్దన్నాడు. మనం పేదలమయ్యామని భయపడవద్దన్నాడు. ఆ తరువాత వెండి ఎంత, ఎక్కడ ఉంది, ఎవరి దగ్గర ఉంది అనే సంగతులు చెప్పాడు. ఇరవై ఏళ్లనాడు వ్రాసుకొని చెరి సగం ఉంచుకున్న పత్రం సంగతి కూడ చెప్పాడు.

ఆ సమయానికి అతనికి చూపు రాలేదు. వెండి చేతికి అందలేదు. దేవదూత ఇంకా గడప తొక్కలేదు. మారింది ఒక్కటే: ఇంటి పెద్ద నోరు తెరిచి ఇంటి లెక్క చెప్పాడు. చూపు తరువాత వచ్చింది, మాట ముందు వచ్చింది. కొడుకు ప్రయాణం, తోడుగా వచ్చిన రఫాయేలు, సారాతో పెళ్లి, తండ్రి కళ్లు బాగుపడటం – ఇవన్నీ ఆ సంభాషణ వెంబడి వచ్చాయి.

కొడుకు బయలుదేరినపుడు అన్నా ఏడ్చింది. ఆ డబ్బు పోతే పోనీ, బిడ్డ మనకు దక్కితే చాలునని ఆమె భావం. తోబీతు ఈసారి భార్యను గద్దించలేదు, ఓదార్చాడు. కథ చివరలో ఇంకొక ముచ్చట ఉంది. తోబియా క్షేమంగా తిరిగివచ్చాక, నీకు తోడు వచ్చినవానికి కూలి ఇచ్చి, దానిమీద ఇంకా కొంత ఇవ్వమని తోబీతు చెబుతాడు. కూలి మీద అదనంగా ఎవరైనా ఇస్తారంటే నమ్మనివాడు ఇపుడు తానే అదనంగా ఇస్తున్నాడు. దేవుడు అతని కళ్లతోపాటు మనసును కూడ బాగుచేశాడు.

4. శ్రీసభ బోధ

పదమూడవ లియో జగద్గురువు 1891లో పనివారి హక్కులను గూర్చి రేరుం నొవారుం అనే విశ్వలేఖ వ్రాశారు. 2025 మేలో ఎన్నికైన పదునాలుగవ లియో జగద్గురువు తాను ఆ పేరు ఎన్నుకోవడానికి ముఖ్యకారణం ఆ విశ్వలేఖేనని కార్డినళ్లతో చెప్పారు. కృత్రిమ మేధ వలన పనికి, మానవ గౌరవానికి వచ్చే సవాళ్లను కూడ ఆ సందర్భంలోనే ప్రస్తావించారు. రెండవ జాన్ పాల్ జగద్గురువు 1981లో వ్రాసిన లబోరెం ఎక్సెర్చెన్స్ విశ్వలేఖలో పని మనిషి కోసం ఏర్పడిందనీ, మనిషి పని కోసం ఏర్పడలేదనీ బోధించారు. అనగా పనికి విలువ తెచ్చేది దానిని చేసే మనిషి. ఆ మనిషి దేవుని పోలికలో సృష్టింపబడ్డాడు. జీతం ఆగినంత మాత్రాన ఆ పోలిక చెరిగిపోదు. నిరుద్యోగం మనిషి గౌరవాన్ని గాయపరుస్తుందనీ, కుటుంబాన్ని కూడ ప్రమాదంలో పడవేస్తుందనీ శ్రీసభ సత్యోపదేశ గ్రంథం అంగీకరిస్తుంది. కనుక బాధపడటం విశ్వాసలోపం కాదు.

మళ్లా మన సామెత దగ్గరికి వద్దాం. ఉద్యోగమనే సంస్కృతపదానికి అసలు అర్థం ప్రయత్నం, పూనిక. నెలజీతం అనే అర్థం తరువాత వచ్చింది. ఆ లెక్కన చూస్తే, కొలువు పోయినా మళ్లా లేచి పూనుకునేవాడికి ఉద్యోగం పోలేదు. మగ్గం ముందు కూర్చున్న అన్నాకు కూడ ఆ లక్షణం ఉంది. కనుక అది ఒక్క పురుషుల సొత్తూ కాదు.

5. చేయదగిన పనులు

మొదటిది, ఆ వారంలోనే ఇంట్లో చెప్పండి. భార్యాభర్తలు ఒక కాగితం ముందుంచుకొని కూర్చోండి. చేతిలో ఎంత ఉంది, ఎవరికెంత బాకీ, నెలకు తప్పనిసరి ఖర్చు ఎంత అనే మూడు లెక్కలు వ్రాయండి. పదో తరగతి దాటిన పిల్లలకు కూడ ఉన్న సంగతి నెమ్మదిగా చెప్పండి. వారు మనం అనుకున్నంత చిన్నవాళ్లు కారు.

రెండవది, రావలసిన సొమ్మును వదలుకోవద్దు. పదిమంది, ఆపైన పనిచేసే సంస్థలో ఐదేళ్ల సర్వీసు నిండినవారికి యేడాదికి 15 రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ రావాలి. నెలను 26 రోజులుగా లెక్కిస్తారు. 15,000 రూపాయల మూలవేతనంతో 20 ఏళ్లు చేసినవారికి సుమారు 1,73,000 రూపాయలు వస్తుంది. ప్రైవేటు పాఠశాలల టీచర్లకు కూడ ఈ హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పి.ఎఫ్. ఖాతాలో పింఛను భాగం వేరుగా ఉంటుంది. పదేళ్ల సర్వీసు నిండినవారికి 58వ యేట పింఛను వస్తుంది. కనుక కాగితాలు పారవేయవద్దు. ఇ.ఎస్.ఐ. చందా కట్టినవారు నిరుద్యోగ భృతిని గూర్చి బ్రాంచి ఆఫీసులో విచారించాలి. తోబీతు పత్రం ఇరవై ఏళ్ల తరువాత కూడ పనికివచ్చింది గదా!

మూడవది, వడ్డీకి దూరంగా ఉండండి. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అంటే చిన్నదిగా తోస్తుంది. లక్షకు యేడాదికి అది 36,000 రూపాయలు. ఫోనులో క్షణాల మీద అప్పిస్తామనేవారు తరువాత మీ బంధుమిత్రులకు ఫోన్లు చేసి పరువు తీస్తారు. బ్యాంకు అప్పు ఉన్నవారు వాయిదా తప్పకముందే మేనేజరును కలసి గడువు పెంచమని అడగాలి. ఉద్యోగం పోయినపుడు చేతికి వచ్చిన మొత్తాన్ని ఒకేసారి కూతురి పెళ్లికో తెలియని వ్యాపారానికో పెట్టవద్దు. కనీసం యేడాది ఇంటి ఖర్చు ప్రక్కన ఉంచండి. కట్నం కోసం అప్పు చేయవద్దు. వరకట్నం చట్టరీత్యా నేరం, క్రైస్తవ ధర్మానికి విరుద్ధం.

నాల్గవది, చేతికి వచ్చిన మర్యాదైన పనిని చిన్నచూపు చూడవద్దు. మన ప్రభువు వడ్రంగి అని పిలిపించుకున్నాడు. మే 1న జరుపుకొనే శ్రామికుడైన పునీత జోజప్ప గారి పండుగను పన్నెండవ భక్తినాథ జగద్గురువు 1955లో నెలకొల్పారు. నిన్న సూపర్‌వైజరు, నేడు కిరాణా దుకాణంలో లెక్కలు వ్రాస్తున్నాడని నవ్వేవారు మీ ఇంటికి బియ్యం పంపరు.

ఐదవది, చావు తలంపులు వస్తే దాచవద్దు. భార్యకు, స్నేహితునికి, గురువుకు చెప్పండి. డాక్టరును కలవడం సిగ్గుపడవలసిన సంగతి కాదు. ప్రభుత్వం నడిపే టెలీమానస్ ఫోను నంబరు 14416. ఏ వేళనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు.

6. విచారణ చేయవలసింది

అహీకారు రెండేళ్లు ఆదుకున్నాడు. మన విచారణలో పని పోయిన కుటుంబానికి అహీకారు ఎవరు? ఆదివారం పూజకు వచ్చే ఒక కుటుంబం నాలుగు వారాలుగా రాలేదంటే కానుక వేయలేక సిగ్గుపడి రాలేదేమో విచారించాలి. విన్సెంట్ డి పాల్ సంఘంవారు బియ్యం ఇచ్చేటపుడు పదిమందిలో పిలిచి ఇవ్వక, చీకటి పడ్డాక ఇంటికి వెళ్లి ఇవ్వడం మంచిది. దుకాణాలు, వర్క్‌షాపులు ఉన్నవారు ఒక మనిషికి చోటు చేయగలరేమో చూడాలి. పనివాడి కూలి ఆపరాదనే తోబీతు మాట యజమానులైన విశ్వాసులకు, మన గురువులూ మఠకన్యలూ నడిపే సంస్థలకు కూడ వర్తిస్తుంది. మన బడిలో టీచరుకు న్యాయంగా రావలసింది ఇవ్వకుండ పీఠం మీదనుండి న్యాయాన్ని బోధిస్తే వినేవారెవరు?

కుటుంబ జపంలో ఆలోచించదగిన ప్రశ్నలు

1. మన ఇంటి ఆదాయం, అప్పులు భార్యాభర్తలిద్దరికీ సమానంగా తెలుసా?
2. కష్టకాలంలో మనం ఒకరినొకరు ఎత్తిపొడుచుకున్న మాట ఏదైనా క్షమాపణ లేకుండ మిగిలిపోయిందా?
3. మన వీధిలో పని పోయిన కుటుంబమేది? ఈ వారం వారి గడప ఎలా తొక్కుదాం?

ఈ వారం ఒక సాయంకాలం తోబీతు గ్రంథం రెండు, నాలుగు అధ్యాయాలను ఇంట్లో అందరూ వినేలా చదవండి. తరువాత ఈ క్రింది జపం చెప్పుకోండి.

ప్రభూ, పని లేక తల వంచుకున్న మా సహోదరీ సహోదరులను చూడుము. నిజం చెప్పే ధైర్యాన్ని భర్తకు, వినే ఓర్పును భార్యకు, అర్థం చేసుకునే మనసును బిడ్డలకు దయచేయుము. నజరేతులో చెమటోడ్చి నిన్ను పోషించిన జోజప్ప గారి ప్రార్థనల వలన ఈ ఇంటికి న్యాయమైన పని దొరకునుగాక. ఆ పని దొరికేదాక మా మధ్య ప్రేమ కొరవడకుండునుగాక. ఆమెన్.